టేలర్ స్విఫ్ట్ చెబితే అమెరికాలో ఓట్లు పడతాయా? పెన్సిల్వేనియా గడపల్లో నేను చూసింది

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "2024లో కమలా హారిస్ వెనకాల టేలర్ స్విఫ్ట్, బియాన్సే, ఓప్రా, లేడీ గాగా అందరూ నిలబడ్డారు. అయినా ఓడిపోయింది. మన దగ్గర ఎన్టీఆర్ పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయిపోయారు. అమెరికాలో స్టార్ల మాటకు అంత విలువ లేదా? ఆ హడావుడంతా డబ్బులిచ్చి చేయించిందేనా?"

సూటిగా చెప్తాను. అమెరికాలో స్టార్ చెప్పాడని ఓటు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారడం చాలా అరుదు. స్టార్ చెప్పాడని ఓటరుగా పేరు నమోదు చేసుకుంటారు, విరాళం ఇస్తారు, సభకు వస్తారు. అక్కడితో ఆగుతుంది. స్టారే అభ్యర్థిగా దిగితే మాత్రం లెక్క వేరు. 2024లో అధ్యక్ష పదవికి బ్యాలట్ మీద పేరున్న టీవీ స్టార్ డొనాల్డ్ ట్రంప్ ఒక్కడే, ఆయన గెలిచాడు. డబ్బుల సంగతి కింద చెప్తాను, అందులో సగం పుకారు.

నా సంగతి. సొంతూరు తెనాలి. ఇరవై ఏళ్ళ పైగా పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా పక్కన బక్స్ కౌంటీలో ఉంటున్నాను. 2012 నుంచి ప్రతి పెద్ద ఎన్నికకూ డెమోక్రాట్ల తరఫున వాలంటీరుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నా మొగ్గు ఎటో తెలిసిపోయింది కదా, దాచాల్సిన పని లేదు. కాకపోతే నేను అభిమానించే పార్టీయే ఈ స్టార్ల విషయంలో చాలాకాలంగా పొరబడుతోందని నా గట్టి నమ్మకం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక్కడ ఇంటింటి ప్రచారమంటే మైకు, జీపు, డప్పులు ఉండవు. ఫోన్‌లో మినీవ్యాన్ అనే యాప్ ఉంటుంది. అందులో ఒక పేట మ్యాపు ఇస్తారు, దాన్ని టర్ఫ్ అంటాం. ఒక్కో ఇంటికీ ఓటరు పేరు, వయసు, ఏ పార్టీగా నమోదయ్యారు, గత ఎన్నికల్లో ఓటు వేశారా లేదా అన్నది కనిపిస్తుంది. ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. తలుపు కొట్టి, మాట్లాడి, 1 నుంచి 5 లోపల ఒక అంకె నొక్కాలి. 1 అంటే గట్టిగా మనవాళ్ళు, 5 అంటే గట్టిగా అవతలివాళ్ళు. మూడు గంటలు తిరిగి నలభై యాభై గడపలు ఎక్కితే పదో పన్నెండో తలుపులు తెరుచుకుంటాయి. మేం వెతికేదంతా ఆ 3 అంకె మనుషుల కోసం. స్టార్ల ప్రభావం ఎంతుందో చూడాలంటే ఆ 3 దగ్గరే చూడాలి.

ముందు స్టార్లు నిజంగా పనికొచ్చే చోటు చెప్తాను.

పేరు నమోదు. మన దేశంలో బూత్ లెవెల్ ఆఫీసరు ఇంటికే వచ్చి జాబితా సరిచూసుకుంటాడు. అమెరికాలో ఓటరుగా నమోదు కావడం చాలావరకు ఎవరికి వారు పూనుకుని చేసుకోవాల్సిన పని. రాష్ట్రానికో గడువు, రాష్ట్రానికో పద్ధతి. మా రాష్ట్రంలో 2024 ఎన్నికకు ఆ గడువు అక్టోబరు 21. 2023 సెప్టెంబరు నుంచి ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడే పేరు దానంతటదే చేరేలా మార్చారు, అది పెద్ద మేలు. అయినా ఇల్లు మారినవాళ్ళు, కాలేజీకి వెళ్ళిన పిల్లలు, కొత్తగా పౌరసత్వం వచ్చిన మనలాంటివాళ్ళు ఎంతమంది జారిపోతారో తలుపులు కొట్టేవాళ్ళకు తెలుసు. "నేను ఓటేస్తాలెండి" అని నవ్వుతూ చెప్పిన మనిషి పేరు జాబితాలోనే ఉండదు.

ఇక్కడ టేలర్ స్విఫ్ట్ బలం నిజమైనది. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, హారిస్ డిబేట్ ముగిసిన కాసేపటికే ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టింది. ఫోటోలో చేతుల్లో పిల్లి, చివర్లో "పిల్లల్లేని పిల్లులమ్మ" అని సంతకం. 2024లో ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్, 2021లో డెమోక్రాట్ నాయకుల్ని ఎద్దేవా చేస్తూ అన్న మాట అది. తాను ట్రంప్‌కు మద్దతిస్తున్నట్టు ఏఐతో చేసిన బొమ్మల్ని ట్రంప్ ఆగస్టులో పంచుకోవడం తనను భయపెట్టిందని, తన ఓటు సంగతి తానే తేల్చి చెప్పాలనిపించిందని ఆ పోస్టులోనే రాసింది. ఆమె ఇచ్చిన లింకు నొక్కి 24 గంటల్లో 4 లక్షలకు పైగా జనం ప్రభుత్వ ఓటరు వెబ్‌సైటుకు వెళ్ళారు.

ఆ 4 లక్షలు చూసి చాలామంది ఓట్లే వచ్చిపడ్డాయనుకున్నారు. అవి సైటు తలుపు దాకా వచ్చినవాళ్ళు. వాళ్ళలో అప్పటికే నమోదైనవాళ్ళుంటారు, పదిహేనేళ్ళ పిల్లలుంటారు, మళ్ళీ వేద్దాంలే అని వెనక్కి వెళ్ళినవాళ్ళుంటారు. పైగా అధ్యక్ష ఎన్నికలో గెలుపు రాష్ట్రాల వారీగా తేలుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఎలాగూ డెమోక్రాట్లవే, అక్కడ పడే కొత్త ఓటుతో ఫలితం మారదు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా, ఈ ఏడు రాష్ట్రాలే తేల్చాయి. ఏడూ ట్రంప్‌కే వెళ్ళాయి. ఆమె ఇన్‌స్టాగ్రామ్ అనుచరులు 28 కోట్ల పైమాట. ఆ సంఖ్యలో ప్రపంచమంతా ఉంది, ఈ ఏడు రాష్ట్రాల వాటా ఎంతని?

ఒక గడప సంగతి చెప్తాను. సెప్టెంబరు చివర్లో లెవిట్‌టౌన్‌లో తిరుగుతున్నాం. 1950లలో ఒకే అచ్చులో కట్టిన ఇళ్ళ ఊరు, ఒకప్పుడు దగ్గర్లోని ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళతో నిండి ఉండేది. తలుపు తీసినాయన డెబ్బైకి దగ్గరగా ఉంటాడు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసి మానేసినవాడే. యాప్‌లో డెమోక్రాట్ అని ఉంది. వెనకాల వంటింటి గట్టు దగ్గర మనవరాలు నిలబడి ఉంది, పద్ధెనిమిది నిండినట్టున్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా పూసల కంకణాలు, స్విఫ్ట్ కచేరీల్లో పిల్లలు ఒకరికొకరు మార్చుకునేవి. నేను మొదలుపెట్టేలోపే ఆ పిల్ల "నేను ఆ పోస్టు చూసిన రాత్రే రిజిస్టర్ చేసుకున్నా" అంది సంబరంగా. ఆమె పేరు ఎదురుగా నేను 1 నొక్కాను.

పెద్దాయన మాత్రం గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. "ఆ అమ్మాయి మంచి పాటగత్తె. నా మనవరాలికి ఇష్టం. కానీ నా సరుకుల బిల్లు ఆమె కట్టదు కదా" అన్నాడు. లోపలికెళ్ళి కిరాణా రసీదు తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుడ్ల దగ్గర, కాఫీపొడి దగ్గర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతానికి వెళ్ళింది, తర్వాత ఆ వేగం తగ్గింది. తగ్గింది వేగం, ధరలు కావు. అది ఆయనకు నేను చెప్పాల్సిన పనిలేదు, రసీదు చెప్తూనే ఉంది. ఆయనకు 3 నొక్కి మెట్లు దిగాను. ఆ ఒక్క ఇంట్లోనే మీ ప్రశ్నకు సగం జవాబుంది. మనవరాలి ఓటు ఎలాగూ అటే పడేది, స్టార్ ఆమెను జాబితాలోకి తెచ్చింది. తాత ఓటు ఊగుతోంది, ఆయనకు స్టార్‌తో పనిలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోవద్దు. స్విఫ్ట్ పోస్టు తర్వాత ఏబీసీ టీవీ, ఇప్సోస్ అనే సర్వే సంస్థ కలిసి చేసిన సర్వేలో 81 శాతం మంది తమకు ఏ తేడా లేదన్నారు. హారిస్‌కు వేసే అవకాశం పెరిగిందన్నవాళ్ళు 6 శాతం, తగ్గిందన్నవాళ్ళు 13 శాతం. తగ్గిందన్నవాళ్ళలో ఎక్కువమంది ఎలాగూ వేయనివాళ్ళే అయ్యుంటారని నా అభిప్రాయం. అయినా ఆ రెండంకెలు పక్కపక్కన పెట్టుకుని ప్రచారం నడిపేవాళ్ళు కాస్త ఆగి ఆలోచించాల్సింది.

ఇంకా వెనక్కి, 2018కి వెళ్దాం. స్విఫ్ట్ మొదటిసారి రాజకీయం మాట్లాడింది అప్పుడే. టెనెసీ సెనేట్ సీటుకు డెమోక్రాట్ ఫిల్ బ్రెడెసన్‌కు మద్దతిచ్చింది. పరాయి రాష్ట్రం కాదు, ఆమె పాటల జీవితం మొదలైన నాష్‌విల్ ఉన్న రాష్ట్రం. ఒక్క రోజులో దేశమంతటా 65 వేల మంది ఓటరు నమోదుకు ముందుకొచ్చారని వార్తలొచ్చాయి. బ్రెడెసన్ దాదాపు 11 శాతం తేడాతో ఓడిపోయాడు. ఆరేళ్ళ తర్వాత జరిగింది అదే కథ, ఇంకా పెద్ద తెర మీద.

మరి స్టార్ మాటతో ఓటు కదిలిన సందర్భమే లేదా? ఉంది, అది చూస్తే అసలు కిటుకు అర్థమవుతుంది. 2008లో డెమోక్రాట్ల అభ్యర్థి ఎంపిక ఎన్నికల్లో టీవీ షోతో దేశమంతా పేరున్న ఓప్రా విన్‌ఫ్రీ ఒబామాకు మద్దతిచ్చింది. ఇద్దరు ఆర్థికవేత్తలు ఆమె పత్రిక ఎక్కడెక్కడ ఎక్కువ అమ్ముడవుతోంది, ఆమె సిఫార్సు చేసిన పుస్తకాలు ఎక్కడ ఎక్కువ కొంటున్నారు అని కౌంటీల వారీగా చూసి, ఆమె వల్ల ఒబామాకు దాదాపు 10 లక్షల ఓట్లు అదనంగా వచ్చాయని అంచనా కట్టారు. అయితే అది ఎలాంటి ఎన్నిక? పోటీ ఒకే పార్టీలో, ఒబామాకూ హిలరీకీ మధ్య. విధానాల్లో పెద్ద తేడా లేదు. ఒబామా అప్పటికి చాలామందికి కొత్త ముఖం. రెండు కొట్లలో ఒకే సరుకు ఉన్నప్పుడు పక్కింటావిడ "ఇక్కడ తీసుకో" అంటే వింటాం. 2024 నవంబరులో సరుకు ఒకటి కాదు. ట్రంప్ గురించి తొమ్మిదేళ్ళుగా తెలియనివాడు లేడు. అదే ఓప్రా ఎన్నిక ముందు రాత్రి ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద హారిస్ పక్కన నిలబడింది, లేడీ గాగా పాడింది, రికీ మార్టిన్ పాడాడు. మర్నాడు పెన్సిల్వేనియా దాదాపు 1 లక్షా 20 వేల ఓట్ల తేడాతో ట్రంప్‌కు పోయింది. మా బక్స్ కౌంటీ 1988 తర్వాత మొదటిసారి రిపబ్లికన్ల చేతికి వెళ్ళింది, అదీ 300 ఓట్ల లోపు తేడాతో. ఆ అంకె తేలిన రోజు నాకు అన్నం సయించలేదు. నేను ఎక్కని మెట్లన్నీ గుర్తొచ్చాయి.

డబ్బుల సంగతి. ఓప్రాకు 10 లక్షల డాలర్లు ఇచ్చారన్న వార్తకు ఆధారం ఉంది. ఆమె కంపెనీ హార్పోకు హారిస్ ప్రచారం నుంచి ఆ చెల్లింపు ఫెడరల్ ఎన్నికల కమిషన్ లెక్కల్లో కనిపించింది. మిషిగన్‌లో సెప్టెంబరులో జరిపిన పెద్ద ముఖాముఖి కార్యక్రమానికి వేదిక, లైట్లు, కెమెరాలు, సిబ్బంది ఖర్చు అదని, తాను సొంతానికి ఒక్క డాలరు తీసుకోలేదని ఓప్రా చెప్పింది. బియాన్సేకు కోటి డాలర్లు ఇచ్చారన్న మాట మాత్రం పుకారే. లెక్కల్లో ఆమె నిర్మాణ సంస్థకు కనిపించింది 1 లక్షా 65 వేల డాలర్లు. ఇక్కడ ప్రచారం ఖర్చులన్నీ ఇలా బయటపెట్టి తీరాలి, ఎవరైనా వెతుక్కోవచ్చు. కాబట్టి "డబ్బులిచ్చి మద్దతు కొన్నారు" అనడం తప్పు. నా అభ్యంతరం వేరే. మద్దతు నిజాయితీగా ఇచ్చిందే అయినా, ఆ వేదికల కోసం పెట్టిన డబ్బూ, రోజులూ, మనుషులూ ఏ పనికి వాడి ఉండాల్సింది అన్నది.

2024 అక్టోబరు 25 ఒక్క రోజు తీసుకోండి. రెండు సంఘటనలు, రెండూ టెక్సాస్‌లోనే. హ్యూస్టన్‌లో హారిస్ సభ. బియాన్సే పుట్టిన ఊరు. వేల మంది వచ్చారు, చాలామంది ఆమె పాడుతుందనుకుని. ఆమె పాడలేదు. స్టార్‌గా రాలేదు, తల్లిగా వచ్చానంటూ కొన్ని నిమిషాలు మాట్లాడింది. చక్కగా మాట్లాడింది. అదే రోజు ఆస్టిన్‌లో ట్రంప్ జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో (ఇంటర్నెట్‌లో వచ్చే పొడుగాటి ముఖాముఖి కార్యక్రమం) మూడు గంటలు కూర్చున్నాడు. ఆ ఆలస్యానికి మిషిగన్‌లో ఆయన సభకు వచ్చినవాళ్ళు గంటల తరబడి చలిలో ఎదురుచూశారు. ఆ పాడ్‌కాస్ట్‌ను ఎన్నికలోపే కోట్లమంది చూశారు. అందులో ఆయన చెప్పినవాటిలో నేను ఒప్పుకునేది చాలా తక్కువ. కానీ తేడా చూడండి. ఒకచోట స్టార్ వచ్చి "ఈమె మంచిది" అని చెప్పింది. ఇంకోచోట అభ్యర్థే వచ్చి, పేరున్న మనిషి ఎదురుగా కూర్చుని, కుస్తీల గురించీ వేరే గ్రహాల జీవుల గురించీ మాట్లాడుతూ మూడు గంటలు జనం చెవిలో ఉన్నాడు. రోగన్ మద్దతు ప్రకటించింది ఎన్నిక ముందు రోజు. అప్పటికి ఆ ప్రకటనతో పెద్ద పనిలేదు, పని ఆ మూడు గంటల్లోనే అయిపోయింది.

హారిస్ ఆ పాడ్‌కాస్ట్‌కు వెళ్ళలేదు. ఎక్కడ, ఎంతసేపు అన్నదాని మీద రెండు వైపులా కుదరలేదు. ఎలాగైనా కుదుర్చుకుని వెళ్ళాల్సిందన్నది నా అభిప్రాయం. పాతికేళ్ళ కుర్రాళ్ళు తలుపు తీసినప్పుడల్లా నేను విన్న మాట, "ఆయన మాట్లాడటం విన్నాను, ఆమె మాట్లాడటం నేనెక్కడా వినలేదు". వాళ్ళకు బియాన్సే అంటే పడదని కాదు, అభ్యర్థి గొంతే వాళ్ళ దాకా చేరలేదు.

ట్రంప్ సొంత నైపుణ్యం మా కౌంటీలోనే దగ్గర్నుంచి చూశాం. అక్టోబరు 20న బక్స్ కౌంటీలోని ఫీస్టర్‌విల్‌లో మెక్‌డొనాల్డ్స్‌లో ఆయన తెల్ల చొక్కా, ఎర్ర టై మీద ఏప్రాన్ కట్టుకుని బంగాళాదుంప వేపుళ్ళు వేయించాడు, కిటికీలోంచి పొట్లాలు అందించాడు. ఆ పూట కొట్టు మామూలు జనానికి మూసేశారు, కార్లలో వచ్చినవాళ్ళు ముందే ఎంచినవాళ్ళు. మా వాలంటీర్లు ఆ విషయం అందరికీ చెప్పుకుంటూ తిరిగారు. ఒక్కరూ పట్టించుకోలేదు. ఆ ఫోటో మాత్రం ప్రతి ఇంట్లోనూ చూశారు. పద్నాలుగు సీజన్లు టీవీలో బాసుగా కూర్చున్న మనిషికి కెమెరా ఎక్కడుండాలో, చేతిలో ఏ వస్తువుండాలో ఒకరు చెప్పక్కర్లేదు. 2004లో మొదలైన ఆ షో, 'ది అప్రెంటిస్', ఆయన్ను గట్టి వ్యాపారిగా కోట్ల ఇళ్ళల్లో కూర్చోబెట్టింది. దివాలా తీసిన కాసినోల గురించి ఎన్ని వ్యాసాలు రాసినా ఆ బొమ్మ చెరగలేదు.

ఇక ఎన్టీఆర్ పోలిక. మీరు పెట్టిన పోలికలోనే ఒక మెలిక ఉంది. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో గెలిచింది తనకోసం ఓటడిగి. చైతన్యరథం మీద నిలబడింది అభ్యర్థి. ఇంకెవరినో గెలిపించండని చెప్పడానికి రాలేదు. అమెరికాలో ఆయనకు సాటి వెతకాలంటే స్విఫ్ట్ దగ్గర ఆగకూడదు, రోనాల్డ్ రీగన్ దగ్గరికి వెళ్ళాలి. సినిమా నటుడు, నటుల సంఘానికి అధ్యక్షుడు, 1967 నుంచి ఎనిమిదేళ్ళు కాలిఫోర్నియా గవర్నరు, 1981 నుంచి ఎనిమిదేళ్ళు దేశాధ్యక్షుడు. లేదా 2003లో అదే కాలిఫోర్నియాలో గవర్నరును దించే ప్రత్యేక ఎన్నికలో గెలిచిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్. లేదా 1998లో మిన్నెసోటాలో రెండు పెద్ద పార్టీలనూ ఓడించిన కుస్తీవీరుడు జెస్సీ వెంచురా.

స్టార్ అభ్యర్థి అయినంత మాత్రాన గెలుపు ఖాయం అనుకోకూడదు కూడా. చిరంజీవి పార్టీకి 2009లో 294 సీట్లకు 18 వచ్చాయి. పవన్ కల్యాణ్ 2019లో నిలబడ్డ రెండు చోట్లా ఓడి, 2024లో పోటీచేసిన 21 సీట్లూ గెలిపించుకున్నారు. ఆ మధ్య ఐదేళ్ళలో అభిమానులు మారలేదు. పొత్తులూ, క్షేత్రంలో పని, ప్రభుత్వం మీద జనం కోపం, ఇవి మారాయి. మా రాష్ట్రంలో 2022లో టీవీ డాక్టరు మెహ్మెట్ ఓజ్ సెనేట్‌కు నిలబడ్డాడు. ఆయన్ను టీవీలో పెద్దవాణ్ణి చేసిందే ఓప్రా. ఆవిడే చివర్లో అవతలి అభ్యర్థి జాన్ ఫెటర్‌మన్‌కు మద్దతు చెప్పింది. ఓజ్ 5 శాతం తేడాతో ఓడిపోయాడు. ఓప్రా మాట వల్ల అనుకునేరు. నేను తిరిగిన గడపల్లో ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. అందరూ ఎత్తింది ఒక్కటే: "ఆయనది న్యూజెర్సీ కదా, ఇక్కడికెందుకొచ్చాడు?" కూరగాయల ముక్కల పళ్ళెం ఖరీదైపోయిందని ఆయన పెట్టిన వీడియోలో ఆ పళ్ళేనికి ఫ్రెంచి పేరు వాడాడు. ఆ ఒక్క మాట ఆయన్ను మా జనానికి పరాయివాణ్ణి చేసేసింది. ట్రంప్ వేపుళ్ళ పొట్లం, ఓజ్ కూరగాయల పళ్ళెం, రెండూ తిండి బొమ్మలే. జనం తినేదేదో ఒకాయనకు తెలుసు.

మన తెలుగువాళ్ళ ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడా ఒక "స్టార్" ఉంది. జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ తల్లిదండ్రులు తెలుగువాళ్ళు. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఆవిడ పూర్వీకుల ఊళ్ళో పూజలు చేశారని మన టీవీలన్నీ చూపించాయి. అక్టోబరులో ఒక తెలుగువాళ్ళ ఇంటికి వెళ్ళాను. గుమ్మం పక్కన చెప్పుల కుప్ప, లోపల పోపు వాసన. ఆర్నెల్లకు కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ నా మాట వినగానే "రామ్మా, తెలుగువాళ్ళేనా, కూర్చో" అని మంచినీళ్ళిచ్చారు. నా చేతిలో కాగితం చూసి, "మరి మన అమ్మాయి అవతలివైపు కదమ్మా?" అన్నారు, నన్ను నొప్పించకుండా, మెల్లిగా. తణుకు దగ్గర మేనకోడలిని ఇచ్చారట, ఆ ఊళ్ళ పేర్లన్నీ చెప్పుకొచ్చారు. ఆవిడ ముఖంలో వెలుగు చూస్తే నాకూ సంతోషం వేసింది. నేనూ తెలుగు పిల్లనే కదా, ఆ గర్వం నాకు తెలుసు.

కొడుకు పౌరుడు, ఓటుంది. ఆయన అడిగినవి మూడు: చెల్లెలు ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు వరుసలో ఉంది, దానికి మీ పార్టీ ఏం చేసింది? నా పన్ను ఎంత పెరుగుతుంది? మా అమ్మాయి బడిలో తుపాకీ భయం సంగతేంటి? ఉష పేరూ ఎత్తలేదు, కమలా హారిస్ తల్లిది చెన్నై అన్న మాటా ఎత్తలేదు. వెళ్తుంటే గేటు దాకా వచ్చి "అక్కా, అమ్మ సరదా కోసం అంటుంది. నా లెక్కలు నాకున్నాయి" అన్నాడు. మనవాళ్ళ ఓటు పేరు చూసి పడుతుందని రెండు పార్టీల్లోనూ అనుకునేవాళ్ళున్నారు. ఆస్కార్ గెలిచిన మన తెలుగు పాట హిందీ రూపానికి మాటలు మార్చి హారిస్ కోసం వీడియో చేశారు, ఏఆర్ రెహమాన్ అరగంట కచేరీ రికార్డు చేసి ఇచ్చారు. వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగాయి. గ్రీన్‌కార్డు ప్రశ్నకు జవాబు మాత్రం వాటిలో లేదు.

స్టార్లకు నిజమైన బలం ఉన్న చోటు ఇంకొకటి ఉంది, జనానికి అంతగా కనపడనిది: పార్టీ లోపలి డబ్బు. 2024 జూన్ 15న లాస్ ఏంజెలస్‌లో జార్జ్ క్లూనీ, జూలియా రాబర్ట్స్ కలిసి, అప్పటికి డెమోక్రాట్ల అభ్యర్థిగా ఉన్న బైడెన్ కోసం పెట్టిన ఒక్క కార్యక్రమంలో 2.8 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. సరిగ్గా నెల తిరక్కముందే, జూలై 10న, అదే క్లూనీ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు: ఆ సాయంత్రం నేను చూసిన బైడెన్ పాత బైడెన్ కాదు, ఆయన తప్పుకోవాలి అని. జూలై 21న బైడెన్ తప్పుకున్నాడు. క్లూనీ ఒక్కడి వల్లే అనలేం. జూన్ చివర్లో ట్రంప్‌తో డిబేట్‌లో బైడెన్ తడబాటు దేశమంతా చూసింది, పార్టీ పెద్దలు లోపల ఒత్తిడి పెడుతూనే ఉన్నారు. అయినా చెక్కులు రాసే వర్గం నోరు విప్పిందన్న సంకేతం ఆ వ్యాసంతో వెళ్ళింది. ఒక సినిమా నటుడి మాట ఆ ఏడాది ఏదైనా కదిలించిందంటే అదే అనుకుంటాను. అందులో ఓటరు ఎక్కడా లేడు.

2028లో ఎవరైనా సినిమా స్టార్ నిలబడితే ఏమవుతుందని కింద ఇంకొకరు అడిగారు. ముందు రాజ్యాంగం ఒప్పుకోవాలి: పుట్టుకతో పౌరసత్వం, 35 ఏళ్ళు, 14 ఏళ్ళ నివాసం. ఆస్ట్రియాలో పుట్టిన ష్వార్జ్‌నెగర్ ఆ ఒక్క కారణంతోనే ఎన్నడూ పోటీ చేయలేకపోయాడు. ఆ గీత దాటినా యాభై రాష్ట్రాల్లో బ్యాలట్ మీద పేరు ఎక్కించుకోవడమే పెద్ద యజ్ఞం. 2020లో కాన్యే వెస్ట్ పన్నెండు రాష్ట్రాల్లో మాత్రమే ఎక్కగలిగాడు, అన్నీ కలిపి లక్ష ఓట్లు రాలేదు. ట్రంప్ అలా విడిగా నిలబడలేదు, ఒక పెద్ద పార్టీని లోపల్నుంచి గెలుచుకున్నాడు. ఎవరైనా స్టార్ నాకు ఫోన్ చేసి ఏం చేయమంటారని అడిగితే (అడగరు గానీ) చెప్పేది ఒకటే: అక్టోబరు చివర్లో వేదికలెక్కొద్దు, సెప్టెంబరులోనే, నమోదు గడువు దాటకముందే లింకు పెట్టండి. మా రాష్ట్రం వాళ్ళకైతే పోస్టులో పంపే మెయిల్ బ్యాలట్‌కు రెండు కవర్లుంటాయని చూపించే వీడియో ఒకటి చేయండి. లోపలి కవర్లో పెట్టకుండా నేరుగా పై కవర్లో పెడితే ఆ ఓటు చెల్లదు. అలా పోయే ఓట్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటున్నాయి.

లెవిట్‌టౌన్ ఇంటికి 2025 అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల కొనసాగింపు ఓటు కోసం (ఉన్న జడ్జీల్ని ఉంచాలా వద్దా అని జనం వేసే ఓటు). యాప్‌లో తాత, మనవరాలు ఇద్దరి పేర్ల పక్కనా 2024 నవంబరులో ఓటు వేసినట్టుంది. మనవరాలే తలుపు తీసింది. చేతికి కంకణాలు రెండో మూడో మిగిలాయి. మెయిల్ బ్యాలట్ అప్పటికే ఇంటికొచ్చి బల్ల మీదుంది. రెండు కవర్ల సంగతి చెప్పబోతుంటే ఆపేసి, "లోపలి కవర్ మర్చిపోకూడదు, అంతేగా? తాతకు కూడా నేనే చూపించా" అంది.